ఇంజను ఆగిన గంటలు

మా తాతయ్యకు ఒక ఆయిల్ ఇంజను ఉండేది. కనిగిరి వైపు మెట్ట పొలం, ఒక బావి, గట్టున వేపచెట్టు, ఆ చెట్టు కింద ఇంజను. హ్యాండిల్ పట్టుకుని గిరగిరా తిప్పి లివరు వదిలితే ఒకసారి దగ్గి, గుప్పున నల్లపొగ వదిలి, డుగుడుగుమంటూ అందుకునేది. అది తిరుగుతున్నంతసేపూ తాతయ్య మొహంలో నీళ్ళు పారుతున్నాయన్న సంతోషమూ ఉండేది, డీజిల్ అయిపోతోందన్న దిగులూ ఉండేది. గంటకోసారి ట్యాంకు మూత తీసి కందిపుల్ల ముంచి చూసేవాడు. పుల్లకు తడి ఎంతవరకు అంటితే ఆ రోజు చేనుకూ తడి అంతవరకే. పంపు గాలి పట్టి, నీళ్ళు రాకుండా ఇంజను ఊరికే తిరుగుతుంటే అవతలి గట్టు నుంచి కేకేసేవాడు: "ఒరేయ్, వట్టిగా తిప్పకండ్రా! అది తాగేది డీజిల్ కాదు, మన కూడు."

ఇప్పుడు నేను కెనడాలో, ఎడ్మంటన్‌లో ఉంటున్నాను. ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ నా పని. నాతో పనిచేసే ఒకతని సొంతూరు ఫోర్ట్ చిపెవ్యాన్. అక్కడివాళ్ళు ఫోర్ట్ చిప్ అంటారు. అథబాస్కా సరస్సు పడమటి కొసన, ఫోర్ట్ మెక్‌ముర్రేకి ఉత్తరాన 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. ఏడాది పొడుగునా నడిచే రోడ్డు ఆ ఊరికి లేదు. వేసవిలో పడవ, లేదంటే చిన్న విమానం. చలికాలంలో నదులూ చిత్తడి నేలలూ గడ్డకట్టాక వాటి మీదుగా ఒక దారి వేస్తారు, దాన్నే వింటర్ రోడ్డు అంటారు. ఒక మార్చి మొదట్లో, ఇంకో వారం పది రోజుల్లో ఆ దారి మూసేస్తారనగా, అతను వాళ్ళ పెద్దమ్మకు సామాన్లు తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నాడు.

దారి పొడుగునా మాకు తోడు డీజిల్ ట్యాంకర్లే. నిండువి మా ముందు నెమ్మదిగా పోతున్నాయి, ఖాళీవి ఎదురొస్తున్నాయి. "మా ఊరి కరెంటు అది" అన్నాడు మావాడు, ముందు పోతున్న ట్యాంకర్ని చూపించి. ఊళ్ళో దిగగానే మొదట చెవిన పడింది ఇంజను హోరు. గట్టిగా ఏమీ లేదు, పక్కింట్లో గ్రైండర్ తిరుగుతున్నట్టు సన్నగా, ఆగకుండా. సాయంత్రం పెద్దమ్మగారు ఇంటి వెనక్కి వెళ్ళి హీటింగ్ ఆయిల్ ట్యాంకు మూత తీశారు. గేజి ఎప్పుడో పాడైందట. మంచులో ఆనించి పెట్టిన సన్నటి కర్ర తీసి లోపల ముంచి, బయటికి తీసి, తడి ఎంతవరకు ఉందో వెలుతురుకు పట్టి చూశారు. ఒక్క క్షణం నాకు ఊపిరి ఆగింది. 12 వేల కిలోమీటర్ల అవతల, సున్నాకి దిగువ 25 డిగ్రీల చలిలో, అదే పుల్ల. ఆవిడ మొహంలో అదే దిగులు.

అప్పట్నుంచీ ఈ విషయం నన్ను వదల్లేదు. దొరికిన నివేదికలన్నీ చదివాను, ఆ ఊళ్ళలో పనిచేసినవాళ్ళతో మాట్లాడాను. ఈ వ్యాసం దాని ఫలితం.

కెనడాలో ఉత్తర అమెరికా గ్రిడ్‌తో, అంటే ఊళ్ళన్నిటినీ కలిపే కరెంటు తీగల వలతో, సంబంధం లేని ఊళ్ళు 200కు పైనే ఉన్నాయి. ఎక్కువ భాగం మూలవాసుల ఊళ్ళు: ఇన్యుయిట్, డెనె, క్రీ, గ్విచిన్, అనిషినాబే. చాలా ఊళ్ళకు డీజిలే దిక్కు. నునావుట్ అనే ఇన్యుయిట్ల ప్రాంతాన్ని తీసుకోండి. 1999లో ఏర్పడింది, విస్తీర్ణంలో మన దేశంలో సగం కన్నా పెద్దది. ఉన్నవి 25 ఊళ్ళు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డూ లేదు, తీగా లేదు. ఏ ఊరి పవర్‌హౌస్ ఆ ఊరిదే, 25 ఊళ్ళలోనూ డీజిల్ ఇంజన్లే. సముద్రం మీద మంచు కరిగే వేసవి వారాల్లో ఓడలు వచ్చి ఏడాదికి సరిపడా ఇంధనం పెద్ద పెద్ద ట్యాంకుల్లో నింపి వెళ్ళిపోతాయి. మళ్ళీ వేసవి దాకా అదే దిక్కు. అక్కడి విద్యుత్ సంస్థ పేరు కుల్లిక్. ఆ మాటకు ఇన్యుయిట్ల భాషలో రాతితో చెక్కిన దీపం అని అర్థం. సీల్ కొవ్వుతో వెలిగించే ఆ దీపాన్ని ఇంటి ఆడవాళ్ళు కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. దీపమూ పొయ్యీ అదే, తడిసిన బట్టలు ఆరేసుకునేదీ దాని మీదే. ఇల్లాలు తన చేత్తో వత్తి సర్దుకున్న దీపం స్థానంలోకి, ఎక్కడో వేల మైళ్ళ అవతల తీసిన నూనెతో, ఎవరో నడిపే ఇంజను వచ్చింది. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ మార్పే గుర్తొస్తుంది.

మన దగ్గర కరెంటు పోతే విసనకర్ర వెతుక్కుంటాం, వీధి అరుగు మీద కూర్చుంటాం. అక్కడ ఆయిల్‌తో మండే ఫర్నేసుకు కూడా వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాను కావాలి, ఆ ఫ్యానుకు కరెంటు కావాలి. కొన్ని గంటలు పోయిందంటే గోడల్లో పైపులు గడ్డకట్టి పగులుతాయి. 2015 ఏప్రిల్‌లో నునావుట్‌లోని పాంగ్నిర్‌టంగ్ అనే ఊళ్ళో పవర్‌హౌస్ కాలిపోయింది. ఊరంతటికీ ఆధారం అదొక్కటే. ఎమర్జెన్సీ ప్రకటించి, విమానంలో జనరేటరు తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇలాంటివి వార్తల్లోకి వస్తాయి. రానిది ఇంకొకటి ఉంది. ఇంజను సామర్థ్యం నిండిపోతే ఊళ్ళో కొత్త ఇల్లు కట్టినా కనెక్షన్ ఇవ్వలేరు. ఉత్తర ఒంటారియోలో చాలా ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఇదే పరిస్థితి ఉండేది. పెళ్ళయిన పిల్లలు వేరుకాపురం పెట్టలేక అదే ఇంట్లో పది పన్నెండు మంది ఇరుక్కుని ఉండటానికి ఇదీ ఒక కారణం. ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మన రైతుకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఖర్చు. ఒక లీటరు డీజిల్ నుంచి మంచి ఇంజను మూడున్నర యూనిట్ల పైచిలుకు తీస్తుంది. ఆ లీటరును అక్కడికి చేర్చడంలోనే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కెనడా వాయవ్యాన ఉన్న యూకాన్ ప్రాంతం ఉత్తర కొసన, ఆర్కిటిక్ వలయానికి అవతల ఓల్డ్ క్రో అని 250 మంది ఉండే ఊరుంది. రోడ్డు లేదు కాబట్టి డీజిల్ విమానంలో వస్తుంది. డీజిల్ తేవడానికి విమానం కాల్చే ఇంధనం ఎవరి లెక్కలో రాయాలి? ట్యాంకులు కారి నేలలోకి దిగిన నూనెను తవ్వి తీసే ఖర్చు ఏ పద్దులో రాయాలి? సబ్సిడీ ఒక శాఖది, రవాణా ఒకరిది, నేల శుభ్రం చేయడం ఇంకెవరిదో. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దగా కనపడదు. అందుకే డీజిల్ చవక అనిపిస్తుంది. తాతయ్యకు ఈ సౌకర్యం లేదు. ఆయన డీజిల్ క్యాన్ సైకిల్ మీద తెచ్చుకున్న రోజు కూలీ కూడా ఆ లీటర్లలోనే కలిపి లెక్కేసేవాడు.

ఈ మాట ఎత్తగానే నాకు రెండు రకాల మనుషులు ఎదురవుతారు. మొదటి రకం ఆయిల్ కంపెనీల్లో పనిచేసే మావాళ్ళు, మేముండే అల్బర్టా రాష్ట్రంలో తెలుగువాళ్ళు చాలామందికి అన్నం పెడుతున్న రంగం అది. "డిసెంబర్‌లో సూర్యుడే రాని చోట సోలార్ ఏంటి అన్నా, ఫొటోల కోసం తప్పితే" అంటారు. రెండో రకం పర్యావరణం మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్ళు. డీజిల్‌ను ఫలానా ఏడాదికల్లా పూర్తిగా తీసేయాలంటారు. ఆ ఊళ్ళన్నిటికీ 2030 నాటికి కాలుష్యం లేని కరెంటు అందిస్తామని కెనడాలో అధికార పార్టీ 2019 ఎన్నికల్లో మాట కూడా ఇచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాం గానీ, వీళ్ళు ఏరు దాటకముందే తగలేయమంటున్నారు. ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. ఇద్దరూ తప్పు లెక్క చూస్తున్నారని నా అభిప్రాయం. ఎన్ని ప్యానెళ్ళు పెట్టారన్నది కాదు, ఏ ఏడాదికల్లా డీజిల్ పోతుందన్నదీ కాదు చూడాల్సింది. ఏడాదిలో ఎన్ని గంటలు ఇంజను పూర్తిగా ఆగింది, ఆపే స్విచ్ ఎవరి చేతిలో ఉంది, ఈ రెండే చూడాలి.

ఎందుకంటే, ప్యానెళ్ళు పెట్టినంత మాత్రాన ఇంజను ఆగదు. బయటివాళ్ళకు ఇది వింతగా అనిపిస్తుంది. ఊరికి 300 కిలోవాట్లు కావాలి, ఎండ 250 ఇస్తోంది, ఇంకేం, ఇంజను 50 ఇస్తే చాలు కదా అనుకుంటారు. పెద్ద డీజిల్ ఇంజను అలా నడవదు. దాని సామర్థ్యంలో 30 శాతం కన్నా తక్కువ లోడు మీద గంటల కొద్దీ తిప్పితే లోపల వేడి చాలక డీజిల్ సరిగ్గా మండదు. మసీ జిడ్డూ కలిసి సైలెన్సర్‌లో పేరుకుంటాయి, సిలిండర్లు పాడవుతాయి. తాతయ్య "వట్టిగా తిప్పకండ్రా" అన్నది డబ్బు కోసమే అనుకునేవాణ్ణి. ఇంజను ఆరోగ్యం కూడా అందులో ఉందని ఈ వృత్తిలోకి వచ్చాక తెలిసింది. కాబట్టి ఆపరేటర్ ఏం చేస్తాడు? ఇంజన్ని 30 శాతం మీద ఉంచి, మిగులు ఎండను వదిలేస్తాడు. ప్యానెళ్ళు ఇవ్వగలిగినా తీసుకోరు. దానికి తోడు, ఒక మబ్బు అడ్డం వస్తే సోలార్ క్షణాల్లో పడిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి ఇంకో ఇంజను సిద్ధంగా తిరుగుతూ ఉండాలి. రిబ్బన్ కత్తిరించి ఫొటోలు దిగి వెళ్ళిన తర్వాత కూడా ఊరు రాత్రీ పగలూ అదే హోరు వింటూ ఉంటుంది.

ఇంజను ఆగాలంటే ఊరి వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని ఇంకెవరో పట్టుకుని నిలబెట్టాలి. మామూలు సోలార్ ఇన్వర్టర్‌కు ఆ పని రాదు. తీగలో అప్పటికే ఉన్న తాళానికి తన పాట కలుపుతుందంతే. తనే తాళం వేయగల ఇన్వర్టర్, దాని వెనక తగినంత బ్యాటరీ, రెంటినీ నడిపే కంట్రోలర్ కావాలి. ఇక ఆ బ్యాటరీని చూసుకోవడం పసిపిల్లను చూసుకున్నట్టే. మామూలు లిథియం సెల్‌ను సున్నా డిగ్రీల కిందికి పోయాక ఛార్జ్ చేస్తే లోపల దెబ్బతింటుంది. బయట మైనస్ 40 ఉన్నా కంటైనర్ లోపల మన హైదరాబాద్ చలికాలంలా ఉంచాలి. బ్యాటరీకి హీటరు, ఆ హీటరుకు మళ్ళీ కరెంటు. డీజిల్‌కూ చలి బాధ తప్పదు. చలికాలం కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టు మామూలు డీజిల్ కూడా పేరుకుపోతుంది కాబట్టి అక్కడికి ప్రత్యేకమైన రకం తేవాలి.

ఇవన్నీ కుదిరితేనే ఇంజను ఆగుతుంది. ఒక్క గంట ఆగినా ఆ గంటలో ఇవన్నీ పనిచేశాయని అర్థం. అందుకే నేను గంటలు లెక్కపెట్టమంటున్నాను. కిలోవాట్లలో దాచుకోవడానికి చోటుంది, ఆగిన గంటల్లో లేదు. పైగా ఇంజన్లకు ఓవర్‌హాల్, అంటే మొత్తం విప్పి బాగుచేయడం, వచ్చేది తిరిగిన గంటల్ని బట్టే. ఆపిన ప్రతి గంటా డీజిల్‌తో పాటు ఆ ఇంజను ఆయుష్షును, విమానంలో రావలసిన మెకానిక్ ఖర్చును మిగులుస్తుంది.

ఓల్డ్ క్రో సంగతి మళ్ళీ చెప్పుకోవాలి. అక్కడ ఉండేది వుంటుట్ గ్విచిన్ జాతి. చెరువుల మనుషులు అని ఆ పేరుకు అర్థం. 2019 మేలో వాళ్ళు తమ ఊరికి వాతావరణ ఎమర్జెన్సీ ప్రకటించుకున్నారు. వాళ్ళకు అది కళ్ళ ముందు జరుగుతున్న విషయం: కింద నేల కరుగుతోంది, కారిబూ అనే జింకల మందల దారులు మారుతున్నాయి. 2021లో ఊరి పక్కన 940 కిలోవాట్ల సోలార్ ప్లాంటు మొదలుపెట్టారు. 2,160 ప్యానెళ్ళు, 616 యూనిట్ల బ్యాటరీ. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించకుండా ఆకాశం చుట్టూ తిరుగుతాడు. అందుకని ప్యానెళ్ళన్నీ దక్షిణానికి తిప్పకుండా తూర్పుకూ పడమరకూ పెట్టారు. ఏడాదికి సుమారు 1,89,000 లీటర్ల డీజిల్ మిగులుతుందని అంచనా, ఊరి వాడకంలో దాదాపు పావు వంతు. పావు వంతేనా అని పెదవి విరిచేవాళ్ళకు నేను చెప్పేది ఇదీ: వేసవిలో ఎండ బాగున్న గంటల్లో అక్కడ ఇంజన్లు పూర్తిగా ఆపుతున్నారు. దశాబ్దాలుగా ఆగని హోరు ఆగింది. ఆ ప్లాంటు యజమాని ఆ ఊరే. 25 ఏళ్ళ ఒప్పందం మీద కరెంటును విద్యుత్ కంపెనీకి అమ్ముకుంటోంది.

డిసెంబర్ మాటేమిటి? మావాళ్ళు అడిగే ఈ ప్రశ్న న్యాయమైనదే, దాటవేయకూడదు. డిసెంబర్‌లో ఓల్డ్ క్రోలో సోలార్ సున్నా. వేసవి ఎండను చలికాలానికి దాచగల బ్యాటరీ ఆ ఊరు భరించగల ధరలో లేదు. అప్పుడు డీజిలే ప్రాణం నిలబెడుతుంది. ఆ ఇంజన్ని తీసెయ్యమని నేను ఎప్పటికీ అనను. యజమానిగా కాక పనివాడిగా ఉండమంటాను. ఇంకో సంగతి కూడా మన ఊహకు అందదు: మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరాన సోలార్ అద్భుతంగా పనిచేస్తుంది. చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది, చుట్టూ పరుచుకున్న మంచు అద్దంలా వెలుతురును తిరిగి కొడుతుంది. మే నెల ఎండలో కాగిపోయే మన ప్యానెల్ నష్టపోయేది అక్కడి ప్యానెల్‌కు లాభం.

డిసెంబర్‌కు జవాబు గాలి, నీరు. గాలిమరకు రెక్కల మీద మంచు పేరుకుంటుంది, గ్రీజు బిగుసుకుంటుంది, పడిపోయిన భాగం ఎత్తడానికి పెద్ద క్రేన్ కావాలి, ఆ క్రేన్ రావాలంటే ఓడ రావాలి. కష్టమే. కానీ అలాస్కా పడమటి తీరంలో కొంగిగానక్, దాని చుట్టుపక్కల యుపిక్ మూలవాసుల పల్లెలు ఒక మంచి పద్ధతి పట్టుకున్నాయి. రాత్రిపూట గాలి ఎక్కువై కరెంటు మిగిలినప్పుడు దాన్ని ఇళ్ళలో ఇటుకలు నింపిన పొయ్యిల్లోకి పంపుతారు. ఇటుకలు కాగి, తర్వాత గంటల తరబడి ఇంటికి వేడినిస్తాయి. ఆ వేడి హీటింగ్ ఆయిల్ కన్నా చవక. ఇలాంటి ఊళ్ళలో ఖర్చయ్యే శక్తిలో సింహభాగం వెలుతురుకు కాదు, వెచ్చదనానికి. అందుకని ఇది చాలా తెలివైన పని. నీళ్ళున్న చోట కథ ఇంకా తేలిక. క్యూబెక్ ఉత్తరాన ఇనుక్‌జువాక్ అనే ఇన్యుయిట్ ఊరు పక్కనున్న నది మీద 7.5 మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం కట్టుకుంది, 2023 నుంచి నడుస్తోంది. దీపాలే కాదు, ఇళ్ళను వెచ్చబెట్టడం, నీళ్ళు కాచుకోవడం కూడా దానితోనే. అందులో సగం వాటా స్థానిక ఇన్యుయిట్ సంస్థది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొన్ని ఊళ్ళలో ఇంజన్ని చల్లబరిచిన వేడినీళ్ళను పైపుల్లో బడికీ నీళ్ళ ప్లాంటుకూ పంపి వెచ్చబెడతారు. ఇంజను ఆపితే ఆ వేడి కూడా ఆగుతుంది. లెక్క వేసేటప్పుడు ఇది మరిచిపోతే బడిలో పిల్లలు వణుకుతారు. వేసవిలో ఆపడం సులువు, శీతాకాలంలో ఆపే ముందు ఆ వేడి ఇంకెక్కడి నుంచి వస్తుందో చూసుకోవాలి.

స్విచ్ ఎవరి చేతిలో ఉండాలన్నది నా రెండో మాట. దీని వెనక నా సొంత బాధ ఉంది.

2006 ప్రాంతంలో, డిప్లొమా అయిన కొత్తలో, ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేశాను. పాడేరు పైన ఒక గూడెంలో ఇంటింటికీ సోలార్ దీపాలు బిగించాం. 30 ఇళ్ళు. ప్యానెళ్ళూ బ్యాటరీలూ తలల మీద మోసుకుని కొండెక్కాం. మొదటి రాత్రి అన్ని గుడిసెల్లోనూ తెల్లటి వెలుగు చూసి ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాయితాల మీద వేలిముద్రలు వేయించుకుని కొండ దిగాం. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలని వాళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. ఆ నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చెప్పలేదు, ఒక్క కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఫ్యూజు మార్చడం నేర్పలేదు. అది మా పని కాదన్నారు. నేనూ అడగలేదు. రెండేళ్ళకు వేరే పని మీద అటు వెళితే ఒక్క దీపం వెలగడం లేదు. బ్యాటరీలు పొంగి పగిలి ఉన్నాయి. ఒక ఇంటి ముందు ప్యానెల్ దించి దాని మీద అడ్డాకులు ఆరబెట్టుకుంటున్నారు. ఆ ముసలాయన లేరు. ఇచ్చిన వెలుతురును తీసేసుకోవడం అసలు ఇవ్వకపోవడం కన్నా పెద్ద అన్యాయమని ఆ రోజు నాకు తెలిసింది. ఆ దీపాలు వాళ్ళవి కావు. మావి. వాళ్ళ ఇళ్ళలో పెట్టాం, అంతే.

అందుకే కెనడా ఉత్తరాన ఎవరు యజమాని అని మొదట చూస్తాను. ఫోర్ట్ చిప్‌లో 2020లో పూర్తయిన 2.2 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఆ ఊళ్ళోని మూడు మూలవాసీ సమాజాలు, అథబాస్కా చిపెవ్యాన్, మికిస్యూ క్రీ, ఫోర్ట్ చిపెవ్యాన్ మెటీలు, కలిసి పెట్టుకున్న కంపెనీది. 5,760 ప్యానెళ్ళు. విద్యుత్ సంస్థ అంతకుముందు పెట్టిన చిన్న ప్లాంటుతో కలిపి ఏడాదికి 8 లక్షల లీటర్ల డీజిల్ మిగులుతుందని లెక్క, సుమారు 25 ట్యాంకర్లు. వింటర్ రోడ్డు మీద ఆ ట్యాంకర్ల వెనక వెళ్ళినవాణ్ణి కాబట్టి ఆ 25 నాకు కాగితం మీది అంకె కాదు. పలచబడిన మంచు మీద, అడుగున నది పారుతుండగా, 25 సార్లు ఒక డ్రైవరు ప్రాణం అరచేతిలో పెట్టుకుని పోనక్కర్లేదు. ఆ మంచు ఏటేటా ఆలస్యంగా గడ్డకడుతోంది, తొందరగా కరుగుతోంది. 2024 ఫిబ్రవరిలో చలి చాలక వింటర్ రోడ్లు సరిగా పడలేదని ఉత్తర ఒంటారియోలోని మూలవాసుల సమాఖ్య ఎమర్జెన్సీ ప్రకటించింది.

అదే ఉత్తర ఒంటారియోలో ఇంకో దారి కూడా పట్టారు. 24 మూలవాసీ సమాజాలు కలిసి మెజారిటీ వాటాతో వతయ్‌నికనెయప్ పవర్ అనే కంపెనీ పెట్టి, 17 ఊళ్ళను గ్రిడ్‌కు కలపడానికి 1,800 కిలోమీటర్ల లైను వేశారు. 2018 డిసెంబర్‌లో మొదట పికంజికమ్‌కు కరెంటు చేరింది, 2024లో లైను పని పూర్తయింది. ఇది ఆఫ్-గ్రిడ్ కాదు కదా, నీ వాదనకు వ్యతిరేకం కదా అని ఒక మిత్రుడు అడిగాడు. కాదు. ఏ దారి మంచిదన్నది ఊరి దూరాన్ని బట్టి, నది ఉందా గాలి ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నునావుట్‌కు లైను వేయడం మాటలు కాదు. పికంజికమ్‌కు వేయగలిగారు. రెండు చోట్లా ఊరిదే పెత్తనం అయినప్పుడే ఆ పని నిలుస్తుంది.

యాజమాన్యం ఎందుకంత ముఖ్యమో డబ్బు లెక్కలో కూడా కనపడుతుంది. డీజిల్ ఖర్చు ఎంతైతే అంతా బిల్లులోకో సబ్సిడీలోకో పోతుంటే, ఇంజను ఆపాలన్న తొందర నడిపేవాళ్ళకు ఎందుకుంటుంది? ఆపితే రిస్క్ ఉంది. తిరుగుతూ ఉంటే టెన్షన్ లేదు, ఎవరూ తప్పు పట్టరు. నేను ఆపరేటర్‌గా ఉన్నా రాత్రి రెండు గంటలకు అదే చేస్తాను. మరోపక్క ఊరు సోలార్ పెట్టి కరెంటు అమ్మబోతే, కొనే ధర సాధారణంగా మిగిలిన డీజిల్ ధర దగ్గరే ఆగిపోతుంది. తగ్గిన ఓవర్‌హాల్, తప్పిన నేల కాలుష్యం, ఊరి కుర్రాళ్ళకు దొరికిన ఉద్యోగం ధరలోకి రావు. ఇది మారాలి. ఇంజను ఆగిన ప్రతి గంటకూ ఊరికి ఇంత అని ప్రభుత్వం నేరుగా చెల్లిస్తే, ఏడాది తిరక్కుండా ఆపడం ఎలాగో అందరూ నేర్చుకుంటారు. డీజిల్ సబ్సిడీగా ఇప్పుడు పోతున్న డబ్బులోంచే ఇవ్వచ్చు. దాంతోపాటు ప్రతి ఊళ్ళోనూ కనీసం ఇద్దరు సొంతూరివాళ్ళు ఆ కంట్రోలర్‌ను విప్పి బిగించగలిగేలా శిక్షణ ఇవ్వాలి. ఇద్దరు ఎందుకంటే, ఒకడు వేటకు వెళతాడు.

ఫోర్ట్ చిప్‌లో రెండో రోజు మధ్యాహ్నం పెద్దమ్మగారు మమ్మల్ని సోలార్ ప్లాంటు కంచె దగ్గరికి తీసుకెళ్ళారు. ఎండ కళ్ళు చిట్లించేంత ఉంది, చలి ముక్కు కోసేస్తోంది. వరసల మధ్య మంచు మీద ఒక నక్క అడుగులు. ప్యానెళ్ళ కింది అంచున రాత్రి మంచు జారి గట్టులా పడి ఉంది. తన మనవడు ఇది కట్టేటప్పుడు పనిచేశాడని చెప్పారు, ఏ వరస బిగించాడో చూపించారు. కంచెలోంచి వేలు పెట్టి, మూడోది, అదిగో, ఆ చివర నుంచి.

రాత్రి భోజనమయ్యాక, తన చిన్నప్పుడు ఊళ్ళో ఇంజను లేదని చెప్పారు. బాగా చలి ముదిరిన రాత్రుల్లో సరస్సు మీద మంచు పగిలే చప్పుడు ఇంట్లోకి వినపడేదట, దూరంగా ఉరిమినట్టు. పిల్లలు భయపడితే వాళ్ళమ్మ, సరస్సు ఒత్తిగిలి పడుకుంటోంది అని చెప్పేదట. "ఇప్పుడూ పగులుతూనే ఉంటుంది. ఇంజను గోలలో మాకు వినపడదు."

తర్వాత నా వైపు తిరిగి అడిగారు: "నువ్వు కరెంటు పనివాడివట కదా. ఇన్ని అద్దాలు పెట్టారు, మరి దాన్ని ఎన్ని గంటలు ఆపుతారు బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెప్తానన్నాను.